తెర మీది విందు, మా అవ్వ చేసిన గాతో

మేము నివసించే ఇంటర్నేషనల్ సిటీలో చైనా ఉంది, పర్షియా ఉంది, రష్యా, గ్రీసు, మొరాకో, స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండు కూడా ఉన్నాయి. నివాస సముదాయాలకు నిర్మాతలు పెట్టిన పేర్లు అవి. ఇండియా పేరిట మాత్రం ఒక్క క్లస్టరూ లేదు. అయినా సాయంకాలం ఏడు గంటల వేళ ఏ భవనంలో మెట్లెక్కినా భారతదేశం ఎక్కడుందో ముక్కే చెబుతుంది. ఒక తలుపు వెనుక ఇంగువ పోపు, మరొక తలుపు వెనుక ఎండుచేపల వేపుడు, ఇంకొక తలుపు వెనుక మాడిన మిరపకాయల ఘాటు.

ఈ దేశానికి మేము మారిషస్ నుండి వచ్చాము. అక్కడ ముప్పై ఏళ్ళకు పైగా బడిలో లెక్కలు చెప్పి, పదవీ విరమణ చేసి, కుమార్తె కుటుంబంతో ఉండేందుకు ఇక్కడికి చేరాము. మా పూర్వికులు చెరకు తోటల్లో పని చేయడానికి ఒప్పందపు కూలీలుగా ఓడ ఎక్కినవారు. ఆ వంశంలో మేము ఐదవ తరం. తెలుగు మాకు ఇంటి భాషగా అందలేదు. యాభై ఏళ్ళు దాటిన తరువాత సాయంకాలపు తరగతిలో అచ్చులతో మొదలుపెట్టి నేర్చుకొన్నాము. కనుక ఈ వ్యాసంలో ఎక్కడైనా పాఠ్యపుస్తకం వాసన తగిలితే పాఠకులు మన్నించాలి.

కిందటి సంక్రాంతికి ముందు ఒక శనివారం పిల్లల తెలుగు తరగతిలో ఒక చిన్న సంఘటన జరిగింది. పది తెలుగు వంటకాల పేర్లు రాయమని పిల్లలకు పని ఇచ్చాము. బిర్యానీ, దోసె, ఇడ్లీ వరకు అందరూ రాశారు. తరువాత పరాటా, నూడుల్స్ వచ్చాయి. ఒక పాప ‘అమ్మ చేసే పసుపు కూర’ అని రాసింది. అప్పుడు గోడ మీద ‘మాయాబజార్’ చిత్రంలోని ఘటోత్కచుని విందు ఘట్టాన్ని వేసి చూపించాము. పిల్లలు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు: గారెలు, బూరెలు, అరిసెలు, అప్పడాలు, పులిహోర, దప్పళం, పాయసం. నాలుగు నిమిషాలైనా గడవకముందే పది పేర్లూ దొరికాయి. తరగతి ముగిసిన తరువాత ఒక తండ్రి మా దగ్గరకు వచ్చి, ఎంతో మర్యాదగానే, తమ అసంతృప్తి తెలిపారు. వారానికి ఒక్క గంట దొరుకుతుంది, ఆ గంటలో పోతన పద్యాలు నేర్పించకుండా గారెలు, బూరెలు నేర్పించడం ఏమిటని వారి ప్రశ్న. ఆ క్షణంలో మాకు జవాబు తోచలేదు. మాది కొంచెం నిదానంగా పనిచేసే బుర్ర. ఆ జవాబే ఈ వ్యాసం.

జవాబు సముద్రం అవతలి నుండి మొదలుపెట్టాలి. 1832–33లో గుంటూరు సీమను కరువు కబళించింది. జనం దానిని డొక్కల కరువు అన్నారు. ఆ మరుసటి ఏడాదే, 1834 నవంబరు 2న, కలకత్తా నుండి ‘అట్లాస్’ అనే ఓడ ఒప్పందపు కూలీలతో మారిషస్ రేవు పోర్ట్ లూయీ చేరింది. 1839 నవంబరులో గోదావరి సాగరసంగమం దగ్గర ఉన్న కోరంగి రేవును తుపాను, ఉప్పెన కలిసి ఊడ్చివేశాయి. 1843లో ఆ కోరంగి నుండే ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్‌కు తెచ్చింది. అందుకే ఆ ద్వీపంలో చాలాకాలం మమ్మల్ని తెలుగువారు అని కాక ‘కోరంగీలు’ అని పిలిచారు. బర్మాలోనూ మనవారికి అదే పేరు వచ్చింది. మనిషి పేరు పోయి రేవు పేరు మిగలడం కూలీల చరిత్రలో కొత్త సంగతి కాదు.

ఒప్పందం కాగితం మీద నెలకు ఐదు రూపాయల కూలి, దానితో పాటు తిండి. తిండి అంటే బియ్యం, పప్పు, ఉప్పు, నూనె. అన్నీ తూచి ఇచ్చేవే. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఆ పద్ధతికి ‘డబుల్ కట్’ అని పేరు. మేము లెక్కలు చెప్పినవాళ్ళం కనుక ఈ తూకాల మీద మాకు ఒక పట్టుదల ఉంది. గోదావరి సీమలో, నెల్లూరు సీమలో బియ్యానికి పేర్లుండేవి. అక్కుళ్ళు, కృష్ణ కాటుకలు, మొలగొలుకులు. ఏ పొలంలో ఏవి పండుతాయో, ఏవి పథ్యానికి మంచివో, ఏవి చుట్టాలు వచ్చినప్పుడు వండాలో మనుషులకు తెలుసు. తూకానికి వచ్చే బియ్యానికి రకమూ ఉండదు, పేరూ ఉండదు. ఈనాటికీ మారిషస్‌లో ప్రభుత్వం చవకగా అమ్మే బియ్యాన్ని క్రియోల్ భాషలో ‘దిరి రాసియోం’ అంటారు. దిరి అంటే బియ్యం, రాసియోం అంటే రేషన్. ఒప్పందాల కాలం గతించి నూరేళ్ళు దాటినా ఆ మాట మా సంచుల్లో నుండి దిగలేదు.

పేర్ల సంగతి ఇంకొకటి చెప్పాలి. మా ద్వీపంలో గుడి దగ్గర తెలుగు నిలిచింది. రామభజనం నిలిచింది, సింహాద్రి అప్పన్న పూజ నిలిచింది, అమ్మోరు పండుగ నిలిచింది, ఉగాది నాడు దేశమంతటికీ సెలవు ఉంది. వంటింట్లో మాత్రం తెలుగు నిలవలేదు. తరగతిలో చేరిన కొత్తలో కూరగాయల పేర్లు రాయమన్నప్పుడు మాకు తెలిసిన పేర్లన్నీ క్రియోల్‌వే. మునగాకును మేము ‘బ్రెద్ మురుం’ అంటాము. బీరకాయను ‘పిపాంగాయ్’ అంటాము. చారును ‘రసోం’ అంటాము. ఇవి మన మాటలే, కాస్త అరిగిపోయాయి అనుకొని సంతోషించాము. గురువుగారు ఒక్కొక్కటీ విప్పి చూపించారు. మురుం అన్నది తమిళంలోని మురుంగై. పిపాంగాయ్ అన్నది పీర్కంగాయ్. రసోం అన్నది రసం. మూడూ తమిళులు ఆ ద్వీపానికి ఇచ్చిన మాటలు. తెలుగువారు సంఖ్యలో తక్కువ, సంతలో తమిళం గెలిచింది, మన మునగా బీరా చారూ నోళ్ళలోనే అణగిపోయాయి. దీనికి తమిళులను తప్పు పట్టనవసరం లేదు. ఆ మాటలైనా మిగిల్చినందుకు వారికి మేము రుణపడి ఉన్నాము. అరటి ఆకులో ఏడు కూరలు వడ్డించే మా పెళ్ళి భోజనం కూడా వారూ మేమూ కలిసి కాపాడుకొన్నదే.

రుచి ఉండి పేరు లేకపోవడం ఎలా ఉంటుందో చెప్పడానికి మా అవ్వ చేసిన గాతో సంగతి రాస్తాము. క్రియోల్‌లో పిండివంట ఏదైనా గాతోయే. శనగపప్పు రుబ్బి, పచ్చిమిర్చి కలిపి వేయించినది ‘గాతో పిమా’. మసాలా వడకు దగ్గరి చుట్టం. చిలగడదుంపతో చేసినది ఒక గాతో, కొబ్బరితో చేసినది మరొక గాతో. మా అవ్వ ఏడాదికొకసారి, జనవరి నెలలో, బియ్యం నానబెట్టి, నీళ్ళు వంపి, తడి ఆరకముందే దంచేది. బెల్లం మా ఇంట్లో ఉండేది కాదు. మిల్లు నుండి వచ్చిన ముడి చక్కెరను పాకం పట్టేది. పిండిని పాకంలో కలిపి, చేతితో వత్తి, నూనెలో వేసి, తీసి, రెండు చెక్కల మధ్య పెట్టి మోకాలితో నొక్కేది. నూనె కారేది. మేము చుట్టూ కూర్చుని చూసేవాళ్ళం. ఆ వంటకం పేరు అడిగితే ‘గాతో’ అనేది. ఎందుకు జనవరిలోనే చేస్తావని అడిగితే ‘మా అమ్మ చేసేది’ అనేది. ఆమె వెళ్ళిపోయిన తరువాత ఆ పిండివంట మా ఇంట్లో ఆగిపోయింది. పేరు లేనిదాన్ని ఎవరినైనా ఎలా అడగడం?

1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగాయి. ఎందరో పండితులు వచ్చారు. మేమూ వెళ్ళి, మాట్లాడడానికి భాష లేక, చేతులు జోడించి నవ్వుతూ నిలబడ్డాము. ఆ నవ్వు ఎంత బరువో నవ్వినవారికే తెలుస్తుంది. సాయంకాలపు తరగతికి వెళ్ళాలన్న తలపు అక్కడే పుట్టింది. దానిని ఆచరణలో పెట్టడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టిందంటే అది మా బద్ధకం.

ఆ తరగతిలో ఒకనాడు గురువుగారు ‘మాయాబజార్’ చూపించారు. ఘటోత్కచుడు పెళ్ళివారి కోసం సిద్ధం చేసిన భోజనం ముందు కూర్చుని ఒక్కొక్క వంటకాన్నీ పేరు పెట్టి పలకరిస్తున్నాడు. పలకలో రాసుకొనే పిల్లల్లా మేము పేర్లు రాసుకొంటున్నాము. ‘అరిసెలు’ దగ్గర ఆగి అదేమిటని అడిగాము. గురువుగారు చెప్పడం మొదలుపెట్టారు: బియ్యం నానబెట్టాలి, తడిపిండి దంచాలి, పాకం పట్టాలి, వేయించాక రెండు చెక్కల మధ్య ఒత్తాలి, సంక్రాంతికి చేస్తారు. ఆయన ముగించేసరికి మేము కళ్ళద్దాలు తీసి తుడుచుకొంటున్నాము. పక్కన కూర్చున్నవారు మిరప ఘాటేమో అనుకొన్నారట. అప్పుడు గదిలో మిరపకాయే లేదు.

ఆ ఘట్టం గురించి పిల్లలకు తెలియవలసినవి కొన్ని ఉన్నాయి. చిత్రం 1957 మార్చి 27న విడుదలైంది. విజయా సంస్థ నిర్మించింది, కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. ఘటోత్కచుడిగా ఎస్.వి. రంగారావు నటించగా పాటను మాధవపెద్ది సత్యం పాడారు. లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోట్లో పడడం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పనితనం. 2010లో ఈ చిత్రాన్ని రంగుల్లోకి మార్చారు. మా మనుమరాలికి రంగుల ప్రతియే ఇష్టం. మాకు నలుపు తెలుపుదే. నలుపు తెలుపులో అరిసెకు మనమే రంగు వేసుకోవచ్చు.

మరొక విషయం. శశిరేఖా పరిణయం కథ వ్యాసభారతంలో లేదు. జనం నోట పుట్టి, సురభివారి వంటి నాటక సమాజాల వేదికల మీద పెరిగి, సినిమాకు ఎక్కింది. ద్వారకలో పెళ్ళి, హస్తినాపురం నుండి మగపెళ్ళివారు, వడ్డనలో మాత్రం గారెలు, బూరెలు, దప్పళం. అదే చిత్రంలో మగపెళ్ళివారి మర్యాదల ముచ్చటలో గోంగూర మహిమ కూడా వస్తుంది. కౌరవులకు గోంగూర పెట్టే ధైర్యం తెలుగువారికి తప్ప ఎవరికుంటుంది?

అయితే అంత పెద్ద విందు 1957లోనే తెర మీదికి ఎందుకు వచ్చింది? మా ఊహ ఇది. ఆ హాలులో కూర్చున్నవారు యుద్ధకాలపు రేషన్‌ను, కంట్రోలు బియ్యాన్ని చూసినవారు. అంతకు ముందు ఏడాదే, 1956లో, అమెరికా నుండి తిండిగింజలు తెచ్చుకొనేందుకు పి.ఎల్. 480 కింద భారత ప్రభుత్వం ఒప్పందం చేసుకొంది. కడుపు నిండినవాడికి లడ్డూ ఎగిరితే గారడీ. నిండనివాడికి అది అంతకంటే పెద్ద సంగతి. అదే 1957 అక్టోబరులో హిందీలో మెహబూబ్ ఖాన్ ‘మదర్ ఇండియా’ వచ్చింది. అందులో వరద తరువాత ఆకలితో అల్లాడే పిల్లల కోసం తల్లి వడ్డీ వ్యాపారి గడప తొక్కుతుంది. ఒకే ఏడాది, ఒకే దేశం. ఒక తెర మీద నిండిన విస్తరి, మరొక తెర మీద ఖాళీ కుండ.

‘మదర్ ఇండియా’ను మేము చిన్నతనంలో మారిషస్‌లో మా అవ్వ పక్కన కూర్చుని చూశాము. మా ద్వీపానికి అప్పట్లో హిందీ సినిమాలే ఎక్కువగా వచ్చేవి. పిల్లలు ఆకలికి ఏడ్చే ఘట్టం రాగానే అవ్వ లేచి, చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని బయటకు వెళ్ళిపోయింది. సినిమా అయ్యేవరకు మెట్ల మీద కూర్చుంది. మేము కారణం అడిగితే చెప్పలేదు. తరువాత మా నాన్నగారు చెప్పారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా జపాను చేతికి చిక్కగానే మారిషస్‌కు బియ్యం ఓడలు ఆగిపోయాయి. చెరకు పెరిగే నేలలో కొంత భాగం మొక్కజొన్నకూ కర్రపెండలానికీ ఇవ్వవలసి వచ్చింది. అవ్వ కర్రపెండలం ఎండబెట్టి పిండి చేసి రొట్టెలు కాల్చేది. ఆదివారం మాత్రం అన్నం, అదీ పిల్లలకే. తనకు ఆకలి లేదని ప్రతి ఆదివారం చెప్పేదట. మా నాన్నగారు ఆ మాటను చాలా ఏళ్ళు నిజమని నమ్మారు.

ఆకలి గురించి నవ్వించిన సినిమాలూ ఉన్నాయి. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట!’ పేరును ‘మాయాబజార్’లోని మరొక పాట నుండే తీసుకొన్నారు. అందులో కోట శ్రీనివాసరావు పోషించిన పిసినారి లక్ష్మీపతి కోడిని కప్పు నుండి వేలాడదీసి, దానిని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. మేమూ నవ్వుతాము. కానీ చూసి తినడం అనే ఆ విద్య లక్ష్మీపతి కనిపెట్టినది కాదు. ఉప్పుచేప ముక్కను పళ్ళెం అంచున పెట్టుకొని, దాని వాసనతోనే అన్నమంతా ముగించి, ముక్కను రేపటికి దాచడం మా తోటల గుడిసెల్లో మా తాతగారి తరం వాళ్ళు చేసిన పనే. ఆ దృశ్యం చూసి నవ్వని ముసలివారు మీ ఇంట్లో ఉంటే వారిని ఒకసారి పలకరించండి.

వంటింటిని సినిమా ఎప్పుడూ ఒకేలా చూడలేదు. ‘గుండమ్మ కథ’లో (1962) ఎన్.టి. రామారావు పనివాడి వేషంలో రుబ్బురోలు ముందు కూర్చోవడం అప్పటి ప్రేక్షకులకు తమాషా. మగవాడు పిండి రుబ్బితే తమాషా, ఆడది రుబ్బితే పిండి. 2012లో తనికెళ్ళ భరణి తీసిన ‘మిథునం’ వేరు. శ్రీరమణ కథ అది. బాపు తన చేతిరాతతో రాసి మురిసిన కథ. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి నటించిన ఆ ముసలి దంపతులకు తిండి ఒక రోజూవారీ సంభాషణ. పిల్లలు విదేశాల్లో ఉంటే పెరట్లోని కాయలతో కబుర్లు చెప్పుకొంటూ బతుకుతారు. ఇంటర్నేషనల్ సిటీలో ఆ సినిమా చూసిన మా ఈడు వారందరూ ఆ రాత్రి ఊరికి ఫోను చేశారని మా అనుమానం. ఇక హిందీలో ‘ది లంచ్‌బాక్స్’ (2013) ఉంది, ముంబై డబ్బావాలా పొరపాటున ఒకరి అన్నం మరొకరికి చేర్చిన కథ. మంచి చిత్రమే, కానీ మన దారి వేరు కనుక ముందుకు సాగుతాము.

మా దారిలో ఒక దిద్దుబాటు ఎదురైంది. దాన్ని దాచడం ఉపాధ్యాయులకు తగదు. పై అంతస్తులో ఏడుగురు తెలంగాణ యువకులు ఒక ఇంట్లో ఉంటున్నారు. వంతులవారీగా వండుకొంటారు, ఎవరి వంతు ఎప్పుడో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. వారిలో జగిత్యాల వైపు నుండి వచ్చిన ఒక అబ్బాయికి మా వంటకాల జాబితా చూపించాము. తెలుగువారి విందు ఇదీ అని కాస్త గర్వంగానే చెప్పాము. అతడు మొత్తం చదివి, “పెద్దమ్మా, ఇండ్ల సకినాలు లేవు గదా,” అన్నాడు.

సకినాలు మాకు తెలియదు. బియ్యపు పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద చేతి వేళ్ళతో చుట్లు చుట్లుగా అల్లి, కాస్త ఆరాక నూనెలో వేస్తారట. తెలంగాణలో సంక్రాంతి అంటే అవేనట. అల్లేటప్పుడు వాడకట్టు ఆడవాళ్ళంతా ఒకచోట కూర్చుంటారని, చిన్నపిల్లవాడిగా తాను మొదటి చుట్టు వేసి చెడగొట్టి తిట్లు తిన్నానని చెప్పాడు. అప్పుడు మాకు ఒక సంగతి తోచింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది 1956 నవంబరు 1న. ‘మాయాబజార్’ వచ్చినది ఐదు నెలలకు. రాష్ట్రం ఒకటైంది, కానీ తెర మీది విస్తరిలో సకినానికి చోటు లేకపోయింది. మాకు పేర్లు ఇచ్చిన ఆ పాట మరొకరి పేర్లు మరచింది. సంతలో తమిళం గెలిచిందని మేము బాధపడ్డట్టే, తెరపై కోస్తా గెలిచిందని అతడు బాధపడవచ్చు. అతడు బాధపడలేదు, నవ్వి ఊరుకొన్నాడు. అదే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

ఆ వారాంతంలో అతడే మాకు ‘బలగం’ చూపించాడు. 2023 మార్చిలో వచ్చిన చిత్రం. వేణు యెల్దండి దర్శకుడు. తెలంగాణ పల్లెలో కొమురయ్య అనే ముసలాయన కన్నుమూస్తాడు. దినకర్మలకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. బిడ్డలు ఏమేమి ఇష్టమో గుర్తు చేసుకొని మళ్ళీ మళ్ళీ పెడతారు, అయినా ముట్టదు. కుటుంబం విడిపోయిన కారణం వెతికితే ఎన్నో ఏళ్ళ నాటి ఒక విందులో నల్లి బొక్క దగ్గర జరిగిన మాటా మాటా. పెద్ద పెద్ద ఆస్తుల తగాదా కాదు, కూరలో ఒక ఎముక. వినడానికి చిన్నది. కానీ విస్తరి ముందు జరిగిన అవమానం ఎంతకాలం ఉంటుందో పంక్తి భోజనాలు తెలిసిన మన జాతికి చెప్పనక్కరలేదు. ఆ ఇంట్లో ఏడుగురూ నిశ్శబ్దంగా చూశారు. వారిలో ఒకరు కిందటి ఏడాది తండ్రి పోయినప్పుడు సెలవు దొరకక వెళ్ళలేకపోయారు. ముద్ద పెట్టడానికి తాను లేకపోయానని సినిమా అయ్యాక చెప్పి, లేచి వెళ్ళి అన్నం వార్చాడు. ఆ రోజు వంతు అతడిది.

ఒప్పందపు కూలీకీ నేటి గల్ఫ్ కార్మికుడికీ పోలిక తెచ్చి పెద్ద మాటలు చెప్పడం మా ఉద్దేశం కాదు. వీరికి ఫోను ఉంది, విమానం ఉంది, తిరుగు ప్రయాణం ఉంది. కానీ ఫ్రిజ్ మీది ఆ వంతుల కాగితం చూసినప్పుడు, తోట గుడిసెల్లో మగవాళ్ళు మొదటిసారి గరిటె పట్టిన రోజులు మాకు తలపుకు వచ్చాయి. తొలి ఓడల్లో ఆడవారు చాలా తక్కువ. అమ్మ చేతి వంటను నోటి గుర్తుతో తిరిగి వండినవారు మగవాళ్ళే. పేర్లు ఎందుకు పోయాయో ఇప్పుడు కొంత అర్థమవుతుంది. వాళ్ళు వంట చూశారు, తిన్నారు. వండేటప్పుడు ఆడవాళ్ళు మాట్లాడుకొన్న మాటలు వినలేదు.

సంక్రాంతికి అరిసెలు చేయాలని నిశ్చయించాము. రెండు చెక్కల కోసం డ్రాగన్ మార్ట్‌లో రెండు గంటలు తిరిగాము. అక్కడ దొరకని వస్తువు లేదంటారు. అరిసెల చెక్కలు మాత్రం లేవు. చివరకు ఒక చైనా దుకాణదారు మా సైగలు చూసి, పిండి ముద్దను పలుచగా నొక్కే ఒక చిన్న పరికరం తీసి ఇచ్చాడు. వారి పిండివంటలకు వాడేది. నూనె చక్కగా కారింది. బెల్లం పాకం మొదటిసారి ముదిరి అరిసెలు రాళ్ళయ్యాయి. రెండవసారి పాకం లేతదై నూనెలో విడిపోయాయి. మూడవసారి కుదిరాయి. పై అంతస్తు అబ్బాయి ఒక స్టీలు డబ్బాలో సకినాలు తెచ్చాడు, అవి వాళ్ళ అమ్మగారు ఊరి నుండి వస్తున్నవారితో పంపినవి. సగం విరిగిపోయాయని క్షమాపణ చెప్పాడు.

ఇక ఆ తండ్రి గారి ప్రశ్నకు వస్తాము. పోతన పద్యాలు నేర్పించమన్నారు. తప్పక నేర్పించాలి. భాగవతం దశమ స్కంధంలో బాలకృష్ణుడు గోపబాలురతో కూర్చుని చల్ది ఆరగించే ఘట్టం ఉంది. చేతిలో పెరుగు కలిపిన అన్నపు ముద్ద, వేళ్ళ సందుల్లో ఊరగాయ ముక్కలు, చుట్టూ స్నేహితులు. తెలుగు తరగతుల్లో ఎంతో ఇష్టంగా చెప్పే పద్యం అది. చల్ది అంటే చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నం, తెల్లవారి తినేది. ఆ మాట తెలియని పిల్లవాడికి ఆ పద్యంలో ఏం దొరుకుతుంది? మాకు ఆ పద్యం చెప్పిన రోజున మళ్ళీ అవ్వే గుర్తుకు వచ్చింది. తెల్లవారుజామున, చెరకు కోతకు బయలుదేరే ముందు, రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నాన్ని పచ్చిమిర్చితో, ఉల్లిపాయతో తినేది. దానిని క్రియోల్‌లో ‘దిరి యేర్’, అంటే నిన్నటి అన్నం, అనేది. ఆ ఇంట్లో దానికి గౌరవం లేదు. అది పేదవారి తిండి అని మేము బడి స్నేహితుల ముందు సిగ్గుపడేవాళ్ళం. అవ్వ తిన్నదీ, పోతన కృష్ణుడికి పెట్టినదీ ఒకటేనని ఆమెకు చెప్పడానికి మేము నలభై ఏళ్ళు ఆలస్యంగా తెలుగు నేర్చుకొన్నాము.

సంక్రాంతి తరువాతి శనివారం పిల్లల పుస్తకాల్లో జాబితా పదమూడు పేర్లకు చేరింది. సకినాలను ముగ్గురు మూడు విధాలుగా రాశారు. పసుపు కూర రాసిన పాప ఇంటికి వెళ్ళి అడిగి వచ్చి, దానిని కొట్టివేసి ‘ముద్దపప్పు’ అని రాసింది. ఆమెను తీసుకురావడానికి వచ్చిన తండ్రి ప్రశ్న అడిగిన ఆయనే. ఆ మాట పుస్తకంలో చూసి, తమ అమ్మగారు దానిలో ఆవకాయ కలిపి పెట్టేవారని, ఆ మాట తాము ఇంట్లో వాడక చాలా ఏళ్ళయిందని, తమలో తాము అనుకొన్నట్టు అన్నారు.

మా మనుమరాలు జాబితాలో పద్నాలుగవదిగా చద్దన్నం చేర్చింది. రాశాక తినాలి కదా అని ఆదివారం ఉదయం గిన్నె ముందు కూర్చోబెట్టాము. పచ్చిమిర్చి పక్కకు తీసివేసి, ఉల్లిపాయ కూడా తీసివేసి, పెరుగు కలుపుకొని తిన్నది.